తల్లి మనసు ఒక్కటే చాలదు

బొగ్గు గనుల ప్రాంతంలో కొత్తగా కొలువొచ్చిన పిలగాణ్ని ఎవరూ నేరుగా బాయిలోకి దింపరు. ముందు వృత్తి శిక్షణ కేంద్రానికి (వీటీసీకి) పంపుతారు. పైకప్పును తట్టి, చప్పుడును బట్టి దాని గట్టితనం ఎట్లా పసిగట్టాలో, గ్యాసు పడితే ఏం చేయాలో నేర్పుతారు. ఆ తర్వాత కూడా కొంతకాలం అనుభవమున్నవాళ్ల కనుసన్నల్లోనే పని. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు దీన్ని తప్పనిసరి చేశాయి. గోదావరిఖని నుంచి రామగిరి మండలం సెంటినరీ కాలనీ దాకా ఎవరిని అడిగినా ఈ శిక్షణ దండగని అనరు.

అదే కాలనీల్లో ఇంటర్ పాసైన పద్దెనిమిదేళ్ల అమ్మాయికి ఏదో ప్లేస్కూల్లో ఇరవై మంది మూడేళ్ల పిల్లల్ని అప్పగించేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. ఇవాళ ఇంటర్వ్యూ, రేపటి నుంచి క్లాసు. "చంటిపిల్లల్ని చూసుకునుడుకు ట్రైనింగ్ ఏంది? ఆడివిల్లకు పుట్టుకతోనే వస్తది" అంటారు. చదువుకున్నవాళ్లు ఇదే సంగతిని కాస్త మర్యాదగా, ఈ పనికి తల్లి మనసుంటే చాలంటారు. ఇంటర్ వృత్తివిద్యలో ప్రీ స్కూల్ టీచర్ ట్రైనింగ్ తీసుకుంటానన్న పిల్లను చూసి "మంచి గ్రూపు దొరకలేదా బిడ్డా" అని జాలిపడతారు. ఈ అభిప్రాయం తప్పు. దీనివల్ల పసిపిల్లలకూ, వాళ్లను చూసే ఆడవాళ్లకూ రోజూ నష్టం జరుగుతోంది.

"మా అవ్వ ఏం చదివింది? ఎనిమిది మందిని సాకలేదా?" అనేది వాళ్ల మొదటి అస్త్రం. సాకింది, నిజమే. ఆ పని ఆమెకు ఎట్లా అబ్బిందో కూడా చూడాలి కదా. ఏడెనిమిదేళ్ల నుంచే తమ్ముణ్నో చెల్లెనో చంకనేసుకుని తిరిగింది. తల్లి, మేనత్త, పక్కింటి పెద్దమ్మ చూస్తుండగా నీళ్లు పోసింది, బువ్వ తినిపించింది, తొట్టెల ఊపింది. మెడ కింద చెయ్యి సరిగ్గా పెట్టకపోతే అక్కడికక్కడే మందలించే పెద్దలున్నారు. తన బిడ్డను ఎత్తుకునేనాటికి ఆమె చేతికి ఏళ్ల అనుభవముంది. ఇవాళ క్వార్టర్లో ఇద్దరు పిల్లల్లో చిన్నదానిగా పుట్టి, హాస్టల్లో చదువుకున్న అమ్మాయి పసిబిడ్డను ఒక్కసారైనా ఎత్తుకోకుండానే పద్దెనిమిదేళ్లు దాటవచ్చు. అది ఆమె తప్పు కాదు. పాత ఉమ్మడి ఇల్లు ఇచ్చిన శిక్షణ పోయింది, దాని స్థానంలో మనం ఏమీ పెట్టలేదు. పైగా అవ్వ సాకింది తన కడుపున పుట్టినవాళ్లను, ఒకరి తర్వాత ఒకరిని. ముక్కూమొహం ఎరుగని ఇళ్ల నుంచి వచ్చిన ఇరవై మంది, అందరూ ఒకే ఈడువాళ్లు, ఒకే గదిలో ఆమెకు ఎన్నడూ ఎదురుపడలేదు.

ఇంతకీ ఆ గదిలో నేర్చుకోవాల్సింది ఏముందని అడిగేవాళ్లు జూన్ నెలలో ఏదైనా అంగన్‌వాడీకి వెళ్లి నాలుగు రోజులు కూర్చోవాలి. తల్లి వదిలి వెళ్లగానే గుక్కపట్టి ఏడ్చే పిల్లాడు అందరి కళ్లలో పడతాడు. ఏడవకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకానుకుని కూర్చున్న పిల్ల కంటపడాలంటే చూపుకు సాధన కావాలి. ఎక్కువ అవస్థ పడుతున్నది ఆ పిల్లే కావచ్చు. మూడేళ్లొచ్చినా మాటలు రాని పిల్లాడికి మాట ఆలస్యమవుతోందా, అసలు చెవులే వినపడటం లేదా అన్న అనుమానం సకాలంలో రావాలి. జబ్బకు చుట్టే టేపు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ చూపిస్తే అది తీవ్రమైన పోషకాహార లోపం, ఆ బిడ్డను డాక్టరు దాకా చేర్చాల్సిందే. అదే టేపును బిగించి పడితే ఒక లెక్క, వదులుగా పడితే ఇంకో లెక్క వస్తుంది. బాలామృతం నోట్లో పెట్టుకుని మింగని పిల్లాడి చేత ఎట్లా తినిపించాలి, గుడ్డు ముక్క గొంతుకు అడ్డం పడితే ఆ క్షణంలో ఏం చేయాలి, ఒకణ్ని కొరికిన ఇంకొకణ్ని కొట్టకుండా ఎట్లా ఆపాలి? ఇవేవీ మనసు మంచిదైనంత మాత్రాన రావు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. బొగ్గు బెల్టులో కాంట్రాక్టు పనులకు బీహార్, జార్ఖండ్, ఒడిశాల నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లలకు తెలుగు రాదు. ఆ పిల్ల 'పానీ' అంటే నీళ్లివ్వడం తేలికే. ఆ పిల్ల ఇంటి భాషను చిన్నబుచ్చకుండా ఆటలో, పాటలో కొద్దికొద్దిగా తెలుగు అందించడం మాత్రం ఎవరైనా చేసి చూపిస్తేనే పట్టుబడుతుంది. చేయి తిరిగిన టీచరమ్మ పక్కన కూర్చుని, ఆమె చూస్తుండగా చేసి, ఆమె దిద్దితే మళ్లీ చేసి నేర్చుకునే పని ఇది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి వందలాది మంది ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చిన మారియా మాంటిస్సోరి, పిల్లల్ని అడ్డుకోకుండా గమనించడాన్నే టీచరుకు తొలి పాఠం చేసింది. మహారాష్ట్రలోని కోస్‌బాడ్‌లో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ ఆదివాసీ పిల్లల మధ్యే ఉండి ఈ విద్యకు రూపమిచ్చారు.

"విద్యార్థులకు ఆన్ ద జాబ్ ట్రైనింగ్ ఉన్నది కదా" అంటారు. కాగితం మీద ఉన్నది. చాలాచోట్ల జరిగేది వేరు. అమ్మాయి వస్తుంది, చార్టులు అతికిస్తుంది, ఆయమ్మ రాని రోజు గది ఊడుస్తుంది, చివర్లో రికార్డు మీద సంతకం పెట్టించుకుని పోతుంది. ఏం గమనించింది, ఎక్కడ తడబడింది, ఎవరు దిద్దారు అన్నది ఆ రికార్డులో వెతికినా దొరకదు. దీనికి అంగన్‌వాడీ టీచరును తప్పుపట్టడం అన్యాయం. పిల్లల భోజనం, గర్భిణుల ఆరోగ్య లక్ష్మి భోజనం, పోషణ్ ట్రాకర్‌లో నమోదు అన్నీ చూసుకునే మనిషి మీద విద్యార్థినికి నేర్పే పనీ వేస్తే, దానికి తగ్గ సమయమూ భత్యమూ ఇవ్వాలి. ఐటీఐ చదివిన పిల్లవాడు సింగరేణి గనుల్లో అప్రెంటిస్‌గా చేరితే 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్ వస్తుంది. యంత్రాన్ని బాగుచేయడం నేర్చుకునేవాడికి ఇస్తున్నాం. పిల్లల పని నేర్చుకునే అమ్మాయి మాత్రం బస్సు ఛార్జీ ఇంటి నుంచే తెచ్చుకోవాలా?

అవతలి పక్షం మాటల్లో నేను గౌరవించేది ఒక్కటే ఉంది. శిక్షణ తప్పనిసరి చేస్తే పేదింటి ఆడవాళ్లకు ఈ కొలువు కూడా అందకుండా పోతుందన్న భయం. భయం న్యాయమైనదే. అయితే వాళ్లను దూరం పెట్టేది శిక్షణ కాదు, జీతం లేని శిక్షణ. స్టైపెండ్ ఉంటే మొదట ముందుకొచ్చేది ఆ ఇళ్ల అమ్మాయిలే.

ఇక జీతం సంగతి. తల్లి మనసును పొగిడే నోళ్లు జీతం దగ్గరికి రాగానే 'సేవ' అంటాయి. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది. యాభై ఏళ్లు దాటినా అంగన్‌వాడీ టీచరుకు అందేది గౌరవ వేతనమే. వాళ్లది ప్రభుత్వ ఉద్యోగం కాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రాట్యుటీకి అర్హులని అదే కోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. కేంద్రం 2018లో ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు రూ. 4,500. రాష్ట్రం వాటా కలుపుకుని తెలంగాణలో 2021 నుంచి టీచరుకు రూ. 13,650, హెల్పరుకు రూ. 7,800. 2023 సెప్టెంబరులో వాళ్లు సమ్మెకు దిగింది ఊరికే కాదు. ఒక పనిని ఎవరైనా చేయగలరని నమ్మినంత కాలం దానికి ఎవరూ సరిగ్గా చెల్లించరు. అందుకే శిక్షణను, జీతాన్ని నేను వేర్వేరుగా చూడను.

మన ఇళ్ల నుంచి మెల్‌బోర్న్, సిడ్నీ వెళ్లిన కోడళ్లు, చెల్లెళ్లు ఎందరో అక్కడ చైల్డ్‌కేర్ చదువుతున్నారు. సర్టిఫికెట్ త్రీకి 160 గంటలు, డిప్లొమాకు 280 గంటలు పిల్లల కేంద్రంలో పనిచేసి చూపాలి. రెండేళ్ల లోపు పిల్లలైతే నలుగురికి ఒక మనిషి ఉండాలి. ఆ ప్లేస్‌మెంట్ గంటలకు అక్కడా చాలామందికి డబ్బు రాదు, ఆ ముచ్చటలో వాళ్లను అనుసరించనక్కర్లేదు. కానీ ఇక్కడ పుట్టుకతో వచ్చిందన్న విద్యనే అదే ఆడబిడ్డ అక్కడ గంటలు లెక్కపెట్టి నేర్చుకుంటోంది.

మన దగ్గర 2020 జాతీయ విద్యా విధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు అన్నది. మంచి మాటే. అయితే దాన్ని డీటీహెచ్ ఛానళ్ల మీద, స్మార్ట్‌ఫోన్ల మీద నడపాలని, నెలకు కనీసం ఒక ప్రత్యక్ష తరగతి ఉండాలని రాశారు. ఫోనులో చూసి పైకప్పు తట్టడం నేర్చుకున్నవాణ్ని బాయిలోకి పంపుతామా?

సింగరేణిలో కారుణ్య నియామకాలతో ఇప్పుడు ఆడవాళ్లూ ఉద్యోగాల్లోకి వస్తున్నారు. మొదటి షిఫ్టు ఉదయం ఏడింటికి. ఆ వేళకు అంగన్‌వాడీ తెరుచుకోదు. స్త్రీలు పనిచేసే గనుల దగ్గర పసిపిల్లలకు చోటు ఉండాలన్న నిబంధనలు కూడా ఆ 1966లోనే వచ్చాయి. యాభై మంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టమూ చెప్పింది. రామగుండం మూడు ఏరియాల్లోనూ షిఫ్టు వేళలకు తెరిచే కేంద్రాలు నడిపితే, తల్లులకు నిశ్చింత, వృత్తివిద్య చదివే అమ్మాయిలకు అసలైన ప్లేస్‌మెంట్. కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సులు నడిపే సింగరేణి సేవా సమితి ఈ విద్యకూ ఒక పూర్తి స్థాయి కోర్సు నడపవచ్చు.

2025 ఫిబ్రవరిలో మంత్రి సీతక్క 14,236 అంగన్‌వాడీ పోస్టుల భర్తీ ఫైలు మీద సంతకం చేశారు. అందులో 6,399 టీచర్లవి, 7,837 హెల్పర్లవి. కేంద్రం నిబంధనల ప్రకారం టీచర్ల పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవమున్న హెల్పర్లకు, సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం టీచర్లకు పదోన్నతిగా దక్కాలి. అంటే హెల్పరుగా చేరిన అమ్మాయి ఎక్కడానికి మెట్లున్నాయి. మొదటి మెట్టు మీద నిలబెట్టే తీరే మారాలి. కొత్తగా ఎంపికైన ప్రతి ఒక్కరినీ పూర్తి గౌరవ వేతనంతో రెండు నెలలు ఒక మంచి టీచరు పక్కన ఉంచి, ఆ తర్వాతే సొంత కేంద్రం అప్పగించాలి. నేర్పిన టీచరుకు ఆ రెండు నెలలకు అదనపు భత్యం ఇవ్వాలి. ఎవరి చేయి తిరిగిందో ఆయా సెక్టార్ల సూపర్‌వైజర్లకు బాగా తెలుసు. ఆ పేర్లు రాసి పంపమని జిల్లా సంక్షేమ అధికారి ఒక సర్క్యులర్ ఇస్తే పని మొదలవుతుంది.