లారీ వచ్చాక టేపు వెదికితే ఎలా?

మద్దిలపాలెంలో అపార్టుమెంట్ల మధ్య పెరడున్న పాత ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. మాదీ అలాంటిదే. వానొస్తే తులసికోట దాకా ఎర్ర బురద. సిమెంటు చేయిస్తే నీరు ఇంకదు, వేసవిలో కాళ్లు కాలతాయి. సరే, చిప్స్ పరిపిద్దామని ఫోను చేస్తే అవతలి నుంచి ఒకటే ప్రశ్న... 'ఎన్ని యూనిట్లు సార్?' అంతకంటే తక్కువ ఇవ్వరేమో అనుకుని 'ఒకటి' అనేశా.

సాయంత్రానికి సందులో సగం గుట్టే! 'ఏం బాబూ, రోడ్డేస్తున్నారా?' అన్నారు ఎదురింటి మామ్మగారు. రాత్రి వాన. తెల్లారేసరికి చిప్స్ కాలువలోకి జారి, మురుగంతా ఆవిడ గుమ్మం ముందు నిలిచింది. తప్పు నాదే. టేపు అప్పుడు వెదికాను.

లెక్క ఐదో తరగతి పిల్లలదే. పెరడు పొడవు 20 అడుగులు, వెడల్పు 12. మొత్తం 240 చదరపు అడుగులు. తులసికోట, కొబ్బరిపాదు తీసేస్తే సుమారు 218. మందం 2 అంగుళాలు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. అడుగుల్ని అంగుళాలతో గుణించకూడదు. 2 అంగుళాలంటే అడుగులో ఆరోవంతు కాబట్టి 218ని 6తో భాగించాలి. 36 ఘనపుటడుగుల పైచిలుకు వస్తుంది. మట్టిలో దిగబడేదానికి పదోవంతు కలిపితే 40. మరి యూనిట్ అంటే? 100 ఘనపుటడుగులు!

ఈ 2 అంగుళాలు 20 ఎం.ఎం. రాయికి సరిపోతాయి. అది ముప్పావు అంగుళమే కాబట్టి నేల కనిపించకుండా పరుచుకుంటుంది. 40 ఎం.ఎం. వేసినా, పైన కారు ఎక్కేదున్నా 4 అంగుళాలు కావాలి. అంటే రాయీ రెట్టింపు, ఖర్చూ రెట్టింపు. అడుగున మట్టిని దిమ్మిసతో గట్టిపరచకపోతే మొదటి వానకే సగం రాయి మింగేస్తుంది.

ఇంకోమాట. మనవైపు 'గ్రావెల్' అంటే స్థలాలు మెరకచేసే ఎర్రమట్టి దిగుతుంది! చిప్స్ అనో మెటల్ అనో సైజుతో సహా చెప్పండి. బండి రాగానే దించనివ్వకండి. తొట్టి లోపలి పొడవు, వెడల్పు, రాయి ఎత్తు కొలవండి. నడుమ కుప్పగా ఉండి అంచుల్లో పల్లంగా ఉంటుంది. నడుమ ఎత్తే కొలిస్తే మోసపోయినట్టే.

తెల్ల గులకరాళ్లయితే కిలోల్లో అమ్ముతారు. 2 అంగుళాల మందానికి చదరపు అడుగుకు సుమారు 7 కిలోలు. 50 కిలోల బస్తా ఏడు చదరపు అడుగులకే సరి. మా పెరడుకైతే 30 బస్తాలు దాటతాయి. అందుకే వాటిని తులసికోట చుట్టూ మాత్రం పోశాం.

మిగిలిన 60 ఘనపుటడుగుల్లో కొంత మామ్మగారి గుమ్మం ముందు గుంతలోకి వెళ్లింది. మిగతాది ఇంకా మా గోడవారన బస్తాల్లోనే ఉంది.