నేర్పకుండా గుర్రం ఎక్కమంటే ఎక్కకండి



మన గ్రూపులో బిల్డింగ్ పనివాళ్ళే ఎక్కువ. కానీ ఎమిరేట్స్‌లో గుర్రాల శాలల్లో చేసే మనోళ్ళు కూడా ఉన్నారు. మా రూములో ఒకాయన ఆరేళ్ళుగా అదే పనిలో ఉన్నాడు. సెలవు రోజు అతనితో పోయి చూసి, అడిగి తెలుసుకున్నది రాస్తున్నా.

కొత్తగా వచ్చినవాణ్ణి పేడ ఎత్తడానికి, దాణా వేయడానికి అని తీసుకుంటారు. నెల తిరగకముందే "ఎక్కి నాలుగు రౌండ్లు తిప్పు" అంటారు. మనవాడు "ఊర్లో ఎడ్లు తోలినోణ్ణి, ఇదెంత" అని ఎక్కేస్తాడు. ఇది తప్పు అని నేనంటాను. సైట్‌లో బెల్టు లేకుండా స్కాఫోల్డింగ్ ఎక్కనివ్వం కదా? స్కాఫోల్డింగ్ బెదరదు. గుర్రం బెదురుతుంది. నాలుగైదు వందల కిలోల జంతువు, ఒక ప్లాస్టిక్ కవరు ఎగిరినా పక్కకు దూకుతుంది.

ముందు కింద నిలబడి నేర్చుకోండి. సరిగ్గా వెనక నుంచి దగ్గరికి పోవద్దు, దానికి కనపడదు, తన్నుతుంది. మాట్లాడుకుంటూ ఎడమ భుజం వైపు నుంచి పోండి. తాడును చేతికి చుట్టుకోవద్దు. అది లాగితే వేళ్ళు పోతాయి.

ఎక్కేటప్పుడు గడ్డం కింద పట్టీ ఉన్న గుర్రపు స్వారీ హెల్మెట్ కావాలి. మన సైట్ హెల్మెట్ పైనుంచి పడే వాటికోసం చేసింది, ఇక్కడ పనికిరాదు. చెప్పులతో అసలు ఎక్కవద్దు. చిన్న మడమ ఉన్న బూటు అయితే పాదం రికాబులోంచి అవతలికి జారదు. జారి ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. జీను కింద పొట్టపట్టీ ఎక్కేముందు ఒకసారి, కొంచెం నడిపించాక ఇంకోసారి చూడండి, వదులవుతుంది. భయమేస్తే పగ్గాలు పట్టుకుని వేలాడవద్దు, జూలు పట్టుకోండి.

దిగగానే పని అయిపోలేదు. కనీసం పది నిమిషాలు మెల్లగా నడిపించండి. ఎండాకాలంలో ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూనే ఉండండి. వేడి గుర్రానికి చల్లనీళ్ళు పోస్తే జబ్బు చేస్తుందని కొందరు అంటారు, అది నిజం కాదు. తాగడానికి నీళ్ళు పెట్టండి. దాణా మాత్రం ఒళ్ళు చల్లారాకే. గిట్టల్లో రాళ్ళు తీయండి. జీను కింద వీపు తడిమి చూడండి. అక్కడ పుండు ఉంటే రేపు మిమ్మల్ని పడేసేది అదే. గుర్రానికి వాంతి రాదు, అందుకే కడుపు నొప్పి ప్రాణం మీదికి తెస్తుంది. కాలితో నేల గీకడం, పొట్టవైపు తిరిగి చూడటం, పడి పొర్లడం, లద్ది వేయకపోవడం కనపడితే వెంటనే డాక్టర్‌ను పిలిపించండి.

"ఎక్కనంటే ఉద్యోగం పోతుంది కదా అన్నా" అని అడుగుతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, మన ఇంటి అప్పులు మనకు తెలుసు. అందుకే ఎక్కను అనవద్దు. "పహలే సిఖావో, ఫిర్ చఢూంగా" అనండి. నేర్పమని అడగడం ఎదురు తిరగడం కాదు. ఆ గుర్రానికి డాక్టర్ ఉన్నాడు, మందులున్నాయి, కొన్నిచోట్ల ఏసీ కూడా ఉంది. దాని మీద ఎక్కేవాడికి ఒక హెల్మెట్ అడిగితే ఎక్కువా? రానివాడు ఎక్కితే గుర్రానికీ దెబ్బే. ఆ మాట అర్బాబ్‌కు తొందరగా ఎక్కుతుంది.

ఇంకో రెండు మాటలు. ఇక్కడ ఇంటి గుర్రాలు చూసే పని కూడా గృహ కార్మికుల చట్టం కిందికి వస్తుంది. కాంట్రాక్టులో మీ పని పేరు ఏం రాశారో చదివించుకోండి. పదో తరగతి పాస్ కాకుండా ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షల రూపాయలు. ఆ కాగితం ఫోటో ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో కూడా ఉండాలి. దెబ్బ తగిలితే "జారిపడ్డా" అని చెప్పకండి. పనిలో గుర్రం వల్ల తగిలిందని ఆస్పత్రిలో రాయించండి.

శాలల్లో చేసే తమ్ముళ్ళు ఎవరైనా తెలిసి ఉంటే ఇది వాళ్ళకు పంపండి. చదవడం రానివాళ్ళకు వాయిస్ పెట్టి పంపండి.