ఇంజిన్ ఊపు, అమ్మ మెడ నొప్పి

సెకండ్ గేర్లో వెళ్తూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి మళ్లీ నొక్కితే మీ కారు ఒక్కసారి ముందుకీ వెనక్కీ ఊగుతుందా? బానెట్ కింద ఎవరో తన్నినట్టు 'ధడ్'మని చప్పుడొస్తుందా? అయితే ఈ వారం కబుర్లు మీకోసమే. మీ కారు ఊగకపోయినా చదవండి. స్పానర్లతో మొదలైన సంగతి చివరికి అమ్మ దగ్గర తేలింది.

మాది 2012 నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. నాకు ఉద్యోగం వచ్చాక "నీకే అవసరం రా" అని తాళాలు నా చేతిలో పెట్టేశారు. అమ్మకి మెడ దగ్గర డిస్క్ సమస్య ఉంది. వారానికి రెండు రోజులు ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. కూకట్‌పల్లి ట్రాఫిక్ మీకు తెలిసిందే. ఫస్ట్, సెకండ్, బ్రేక్, మళ్లీ ఫస్ట్. గేర్ మార్చినప్పుడల్లా కారు కుదుపు, అమ్మ చెయ్యి డ్యాష్‌బోర్డు మీదికి. "ఏందిరా, ఎడ్లబండే నయం" అని ఒకరోజు నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను బీటెక్‌లో మెకానికల్ చదివా. చేసేది జావా ఉద్యోగం. కాలేజీలో స్పానర్ పట్టుకున్నది ల్యాబ్ పరీక్ష రోజునే. అయినా డిగ్రీ ఉంది కదా అన్న ధీమా ఎక్కడో ఉంటుంది. ఆ ధీమాతోనే ఒక రాత్రి ఆన్‌లైన్‌లో తొమ్మిది వేలు పెట్టి ఇంజిన్ డంపర్ ఆర్డర్ చేశా.

అదేంటో చెప్తా. మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. న్యూటన్ మూడో సూత్రం గుర్తుందా? ఇంజిన్ చక్రాలను ఒకవైపు తిప్పితే, తనేమో రెండోవైపు తిరగబోతుంది. ఉదాహరణకి 110 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఇంజిన్ అనుకుందాం. ఫస్ట్ గేర్లో గేర్లన్నీ కలిసి దాన్ని సుమారు 14 రెట్లు చేస్తే 1,540 అవుతుంది. ఆ ఎదురుదెబ్బంతా ఇంజిన్‌ని పట్టుకున్న రబ్బరు మౌంటింగుల మీదే పడుతుంది. అందుకే టాప్ గేర్లో తెలియని కుదుపు ఫస్ట్, సెకండ్ గేర్లలో తెలుస్తుంది.

మరి రబ్బరెందుకు, ఇనుముతోనే బిగించెయ్యొచ్చు కదా? నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎమ్ దగ్గర ఐడిల్‌లో ఉంటే సెకనుకి దాదాపు 27 సార్లు పేలుతుంది. ఆ వణుకు మనకి చేరకుండా ఆపాలంటే మధ్యలో మెత్తటిదేదో ఉండాలి. 1931లో ప్లిమత్ కార్లలో క్రైస్లర్ వాళ్లు 'ఫ్లోటింగ్ పవర్' పేరుతో ఇంజిన్‌ని రబ్బరు మీద కూర్చోబెట్టింది ఇందుకే. కానీ మెత్తగా ఉంటే ఇంజిన్ ఊగుతుంది. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీలో ఆ ఊపు ఆపడానికి ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఒక చిన్న కడ్డీ పెట్టారు. దాని చివర్ల రబ్బరు బుష్‌లు అరిగాయంటే క్లచ్ వదిలినప్పుడల్లా కారు వణుకుడే. వణుకు ఆపితే ఊపు, ఊపు ఆపితే వణుకు. రెండిటికీ మధ్య రాజీ కుదర్చడమే పని.

డంపర్ ఆ రాజీలో ఇంకో పెద్దమనిషి. చూడ్డానికి చిన్న షాక్ అబ్జార్బర్‌లా ఉంటుంది. ఒక చివర ఇంజిన్‌కి, రెండో చివర బాడీకి. మీ ఆఫీసు గాజు తలుపుకి పైన డోర్ క్లోజర్ ఉంటుంది చూడండి, నెమ్మదిగా తోస్తే దారిస్తుంది, విసురుగా తోస్తే ఎదురు తిరుగుతుంది. ఇదీ అంతే. ఎంత గట్టిగా ఎదురు తిరగాలో నిర్ణయించడానికి పక్కన ఒక నాబ్ ఉంటుంది. నా దానికి 12 క్లిక్కులు.

నాన్న వరినాట్లకని ఊరెళ్లిన ఆదివారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పని మొదలెట్టా. వాచ్‌మన్ అన్న టార్చి పట్టుకున్నాడు. ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చా. డంపర్ బ్రాకెట్ బిగించాలంటే పై మౌంటింగు బోల్టు ఒకటి విప్పాలి. అది విప్పితే ఇంజిన్ జారుతుంది కాబట్టి కింద చెక్కముక్క వేసి జాకీ ఆనించా. అంతవరకూ బాగానే చేశా. రెండు గంటల్లో డంపర్ ఎక్కింది. నాబ్‌ని కుడివైపుకి చివరిదాకా తిప్పేశా. 12కి 12! గట్టిగా ఉంటేనే కదా గట్టి పని!

బయట ఒక రౌండ్ కొట్టా. కుదుపు మాయం. గేర్ మారితే వెన్న కోసినట్టుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ జివ్వుమంటోంది, అద్దంలో వెనక బండ్లు మసకగా వణుకుతున్నాయి. అయినా కుదుపు పోయిందన్న సంతోషంలో దాన్ని లెక్కచెయ్యలేదు.

ఆ వారం అమ్మని రెండుసార్లు తీసుకెళ్లా. "ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అంటే "బానే ఉంది నాన్నా" అంది. తర్వాతి వారం "నీకు మీటింగులుంటాయి కదా, పక్కింటావిడతో పోతాలే" అంది. ఆ పై వారం కూడా అంతే. నేనూ మీటింగుల్లో పడి ఊరుకున్నా. చివరికి వాచ్‌మన్ అన్న నోరు జారాడు: "అమ్మ ఒక్కతే ఆటోల పోతున్నది సార్. కారు ఎక్కితే మెడ నరం లాగుతదంట. మీకు చెప్పొద్దన్నది."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తొమ్మిది వేలు ఖర్చుపెట్టి, ఆదివారం పాడుచేసుకుని నేను చేసిందేంటంటే, అమ్మని కారులోంచి దింపి ఆటో ఎక్కించడం.

నాన్న ఊరి నుంచి వచ్చాక జరిగిందంతా చెప్పా. ఆయన తిట్టలేదు. బానెట్ ఎత్తి, డంపర్ని వేలితో తట్టి, "దీన్ని తియ్" అన్నారు. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, ఫస్ట్ గేర్లో క్లచ్ కొంచెం వదలమన్నారు. తర్వాత రివర్స్‌లో. తను మాత్రం కారుకి ఎదురుగా కాక పక్కన నిలబడ్డారు. ఇంజిన్ అటు ఒకసారి, ఇటు ఒకసారి ఒరిగింది. ఆపమని, కారుని స్టాండ్ల మీదికి ఎక్కించి, కింది మౌంటింగు దగ్గర పొడవాటి లివర్ పెట్టి ఎత్తారు. రబ్బరు నిలువునా చిరిగిపోయి ఉంది. ఇనుముకి ఇనుము తగులుతోంది.

"కాలు విరిగినోడికి చేతికర్ర ఇచ్చి పరిగెత్తమన్నావ్" అన్నారు నాన్న. అంతే. ఇంకో మాట అనలేదు.

కొత్త మౌంటింగు 1,800 రూపాయలు. అది వేసి, డంపర్ లేకుండానే నడిపితే కుదుపు ముప్పాతిక వంతు పోయింది. చిరిగినదాన్ని అలాగే వదిలేసి ఉంటే సైలెన్సర్ పైపు, హోసులు, డ్రైవ్ షాఫ్టులు కూడా దెబ్బతినేవి. డంపర్ ఆ జబ్బుని నాకు కనపడకుండా కప్పేసింది.

మిగిలిన పావు వంతు కోసం డంపర్ని మళ్లీ పెట్టాం, ఈసారి నాన్న పద్ధతిలో. మొదటిసారి నేను రాడ్ పొడవు చూసుకోకుండా బిగించేశా. దాంతో బండి కదలకుండా ఉన్నప్పుడు కూడా డంపర్ ఇంజిన్‌ని ఒకవైపు నెడుతూనే ఉంది. ఈసారి సమతల నేల మీద, న్యూట్రల్‌లో, ఇంజిన్ తన చోట తను కూర్చున్నాక, డంపర్ తన కదలికలో సరిగ్గా మధ్యలో ఉండేలా రాడ్ చివర మరలు తిప్పి సరిచేశాం. బోల్టు చేత్తో తోస్తే దూరాలి, సుత్తి అవసరమైందంటే కొలత తప్పినట్టే. బోల్టులని టార్క్ రెంచ్‌తో, చెప్పిన కొలతకే బిగించాం. బానెట్‌కి, హోసులకి తగలట్లేదని చూసుకున్నాం.

నాబ్‌ని సున్నా నుంచి మొదలెట్టాం. ఒక క్లిక్కు, ఒక రౌండు. ప్రతిసారీ సిగ్నల్ దగ్గర ఆగి స్టీరింగ్ మీద వేలు పెట్టి చూడటం. నాలుగో క్లిక్కుకి అద్దం వణకడం మొదలైంది. వెనక్కి వచ్చి మూడు దగ్గర ఆపేశాం. వారం తర్వాత బోల్టులన్నీ ఇంకోసారి చూశాం. ఒకటి పావు చుట్టు వదులైంది.

కాబట్టి మీ కారు ఊగుతుంటే ముందు మౌంటింగులు చూపించండి. అవి బాగుండి కూడా ఊగుతుంటే అప్పుడు డంపర్ సంగతి ఆలోచించండి. ఎంత గట్టిగా పెట్టాలో తేల్చాల్సింది మాత్రం డ్రైవర్ కాదు, పక్క సీట్లో కూర్చునేవాళ్లు. వాళ్లు "బానే ఉంది" అంటే ఇంకోసారి అడగండి.

మొన్న మంగళవారం అమ్మని నేనే తీసుకెళ్లా. వచ్చేటప్పుడు సిగ్నల్ దగ్గర చూస్తే తల సీటుకి ఆనించి నిద్రపోతోంది. చెయ్యి డ్యాష్‌బోర్డు మీద లేదు, ఒళ్లో ఉంది. ఇంటికొచ్చాక "ఆటోలకి ఎంతయిందమ్మా?" అని అడిగా.

"ఏ ఆటో?" అంది.