చార్మినార్ వద్ద కెమెరాల సందడి: తోపుడు బండ్ల గతి ఏమిటి?

చిట్యాల (మా విలేఖరి): ఆదివారం తెల్లవారుతూనే హైదరాబాద్ పాతబస్తీలోని చార్మినార్ చుట్టూ కెమెరాలు భుజాన వేసుకున్న యువకులు గుంపులుగా కనిపిస్తున్నారు. వీరంతా నగరవాసులే అనుకుంటే పొరపాటు. మన జిల్లా మండల కేంద్రాల్లో స్టూడియోలు నడుపుకుంటూ, పెళ్లి ఫొటోలు తీసి పొట్టపోసుకునేవారూ వారిలో ఉన్నారు. పెళ్లికి ముందే వధూవరులను వెంటబెట్టుకుని ఫొటోలకు పోవడం పల్లెల్లోనూ అలవాటైపోయింది. ఖర్చు మాత్రం ఆడపిల్ల తండ్రిదే!

ఇటీవల ఒక ఆదివారం మా ఊరి స్టూడియో మిత్రునితో కలిసి ఈ విలేఖరి కూడా అక్కడికి వెళ్లడం జరిగింది. ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లో దిగి నయాపూల్, మదీనా, పత్తర్‌గట్టి, చార్‌కమాన్ మీదుగా నడిస్తే సుమారు 2 కిలోమీటర్లు. 1591లో కులీకుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడం చుట్టూ ఒకప్పుడు బస్సులు, ఆటోలు, రిక్షాలు గిరగిర తిరిగేవి. పొగకు గోడలు నల్లబడుతున్నాయన్న ఆందోళనతో ఆ ప్రాంతాన్ని పాదచారులకే కేటాయించాలని తలపెట్టారు. ఆ పథకం రెండు దశాబ్దాలకు పైగా నానుతూ వచ్చింది. చివరకు నేలకు రాళ్లు పరిచి, వాహనాలను దూరంగా మళ్లించారు. 2021 అక్టోబర్‌లో ఆదివారం సాయంత్రాలు పాటలు, ఆటలతో సందడి చేసే కార్యక్రమమూ ప్రారంభించారు.

ఫొటోగ్రాఫర్లకు ఇది బాగా కలిసివచ్చింది. లాడ్ బజార్ వైపు నిలబడి చూస్తే తూర్పున ఉదయించే సూర్యుడు సరిగ్గా మినార్ల వెనుక పడతాడు. అదే సాయంత్రమైతే ఆ ముఖం మీదే ఎండ పసుపు పూసినట్లు ఉంటుంది. కొద్ది అడుగుల దూరంలో మక్కా మసీదు ముంగిట పావురాలు. అయితే పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో మూడుకాళ్ల స్టాండు పెట్టాలన్నా, డ్రోన్ ఎగరేయాలన్నా ముందుగా అనుమతి పొందాలి. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇదిలా ఉండగా, ఖాళీ వీధి కోసం తెల్లవారుజామునే వచ్చేవారికి కనిపించని విషయం ఒకటుంది. పొద్దెక్కేసరికి అదే రాళ్ల మీదికి పండ్ల బండ్లు, గాజుల బుట్టలు, చెప్పుల గుట్టలు వస్తాయి. నడిచేవారికి అడ్డమని ఒకరు, ఫొటోకు అడ్డమని మరొకరు విసుక్కుంటారు. విచిత్రమేమంటే, మంచి ఫొటో అనిపించుకునేదానిలో తరచుగా ఆ బండి, ఆ మనిషి ముఖమే ఉంటాయి.

బండ్లవారిని తరిమితే సరిపోతుందనుకునేవారు 2014లో పార్లమెంటు చేసిన వీధి వ్యాపారుల చట్టం చదవాలి. సర్వే జరిపి ధృవపత్రాలు ఇవ్వకుండా ఎవరినీ ఖాళీ చేయించరాదని అది చెబుతున్నది. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ కమిటీ సభ్యుల్లో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి. అంతకన్నా ముఖ్యం, 50 ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడి వ్యాపారులను కదిలించరాదని ఆ చట్టం అనుబంధంలో స్పష్టంగా ఉంది. అంటే వారసత్వం సున్నపు గోడలకే కాదు, వాటి నీడన జరిగే బేరానికీ వర్తిస్తుందన్నమాట. మన ఇళ్లలో పెళ్లికి లక్క గాజులు కొనడానికి లాడ్ బజార్‌కు వెళ్లే ఆడవారికి ఈ మాట వేరే చెప్పనవసరం లేదు.

నడిచేందుకు దారి ఉండవలసిందే. గీత గీసి బండికింత చోటు చూపితే రెండూ కుదురుతాయి. కాని గీత గీసేటప్పుడు బండివాళ్లను కూర్చోబెట్టి అడగాలి.

ఆ రోజు జామకాయల బండి దగ్గర ఒక ముసలమ్మను మా మిత్రుడు అడగకుండానే ఫొటో తీశాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని, ఫొటో వల్ల తనకేం వస్తుందని నిలదీసింది. అతడు సిగ్గుపడి కిలో కాయలు కొన్నాడు, మళ్లీ వచ్చినప్పుడు ప్రింటు తెచ్చి ఇస్తానని మాటిచ్చాడు. ప్రింటు సిద్ధంగానే ఉంది. ఆమె బండి అప్పటికి ఏ మూలకు జరిగి ఉంటుందో వెతుక్కోవాలి.