సెలవుల్లో ఏ నీళ్లు చూశారు?



మరికొద్ది రోజుల్లో వేసవి సెలవులు మొదలవుతాయి. మీలో కొందరు ఇప్పటికే అండమాన్‌కు టికెట్లు బుక్ చేసి ఉంటారు. కొందరు మాల్దీవులు, బాలి ప్యాకేజీల ధరలు చూస్తూ ఉంటారు. ఇంకొన్ని ఇళ్లలో "ఈసారన్నా ఎటైనా పోదాం బాపూ" అని పిల్లలు రోజూ అడుగుతూ ఉంటారు. ఈ మూడు రకాల ఇళ్లకూ కలిపి ఒక మాట చెప్పాలని ఉంది. ముందు నా పొరపాటు చెప్పుకుంటాను.

చాలా ఏళ్లపాటు జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు ఆరో తరగతిలో ఒకే ప్రశ్న వేసేవాణ్ని: "సెలవుల్లో ఎక్కడికి పోయారు?" పిల్లలతో మాట కలపడానికి ఇంతకన్నా తేలికైన ప్రశ్న ఉండదనుకునేవాణ్ని. ఒక ఏడాది ఒక అబ్బాయి లేచి మాల్దీవులకు పోయామన్నాడు. నీళ్లు నెమలి కంఠం రంగులో ఉన్నాయని, అడుగున చేపలు కనబడ్డాయని, నీళ్ల మీదే కర్ర ఇళ్లు ఉన్నాయని చక్కగా వర్ణించాడు. ఇంతలో వెనక బెంచీ నుంచి ఇంకొకడు లేచాడు. "సార్, అబద్ధం చెప్తుండు. ఎండాకాలమంతా వాళ్ల అమ్మమ్మోళ్ల ఊర్లనే ఉన్నడు." తరగతి అంతా నవ్వింది. ఆ అబ్బాయి తల దించుకుని కూర్చున్నాడు. చాలా రోజులు క్లాసులో చెయ్యి ఎత్తలేదు.

అబద్ధం వాడిదే. కానీ అబద్ధం చెప్తే తప్ప పరువు దక్కదనిపించే ప్రశ్న వేసింది నేను. వాళ్ల అమ్మమ్మ ఊరు కడెం వాగు ఒడ్డున ఉందని తర్వాత తెలిసింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. రెండు నెలలు నీళ్ల పక్కనే గడిపిన పిల్లవాడికి, చెప్పుకోదగ్గ నీళ్లేవీ తాను చూడలేదనిపించింది.

ఫోన్‌లో రోజూ కనిపించే ఆ నీలి నీళ్లు పిల్లలకు ఒక కొలబద్ద అయిపోయాయి. నీలంగా ఉంటే మంచి నీళ్లు, మట్టి రంగులో ఉంటే చెడ్డ నీళ్లు అనుకుంటున్నారు. ఇది నిజం కాదని వాళ్లకు చెప్పాల్సింది మనమే. అందుకు ఆ రంగు ఎలా వస్తుందో ముందు మనకు తెలియాలి.

ఆ సముద్రపు నీళ్లను గ్లాసులో పట్టి చూస్తే రంగేమీ కనిపించదు. ఎండలోని రంగుల్లో ఎరుపును నీళ్లు తొందరగా పీల్చుకుంటాయి. నీలం, ఆకుపచ్చ ఇంకా లోపలికి పోతాయి. లోతు తక్కువై, అడుగున తెల్లటి ఇసుక ఉంటే ఆ మిగిలిన వెలుగు ఇసుకను తాకి తిరిగి పైకి వస్తుంది. మనం చూసే నెమలి కంఠం రంగు అదే. లోతు పెరిగినకొద్దీ అది ముదురు నీలంగా మారుతుంది. ఆ తెల్లటి ఇసుకలో చాలా భాగం పగడాల పొడి, గవ్వల పొడి. చిలుక చేపలు నాచు కోసం పగడపు రాళ్లను కొరికి, నమిలి, ఇసుకగా విసర్జిస్తాయి కూడా. పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి, మీరు చూపించిన హోటల్ గదికన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఇంకొక సంగతి పెద్దవాళ్లను కూడా ఆశ్చర్యపరుస్తుంది. ఆ నీళ్లు అంత తేటగా ఉండటానికి పెద్ద కారణం వాటిలో పోషకాలు తక్కువగా ఉండటం. పోషకాలు లేకపోతే కంటికి కనిపించని నాచు పెరగదు. నాచు లేకపోతే నీళ్లు అద్దంలా ఉంటాయి. అంటే ఆ అందం సముద్రపు ఎడారి అందం. అందులో పగడపు దిబ్బలే ఒయాసిస్సులు.

మన నీళ్ల సంగతి ఇందుకు పూర్తిగా వేరు. గోదావరి వానాకాలంలో మట్టి రంగులో వస్తుంది, ఎందుకంటే పొలాల మట్టిని, ఒండ్రును మోసుకొస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీలకు కట్టారు. ఒండ్రు పేరుకుని ఇప్పుడు అందులో 90 టీఎంసీలు కూడా పట్టవు. ఆ నీళ్లే కాకతీయ కాలువ మీదుగా కరీంనగర్ పక్కన 24 టీఎంసీల దిగువ మానేరుకు చేరుతాయి. మన నల్లాల్లోకి, మన వరి మళ్లలోకి వస్తాయి. పగడపు దీవి నీళ్లు కంటికి అందం. మానేరు నీళ్లు మన కంచంలో అన్నం.

అలాగని మన నీళ్లలో కనిపించేదంతా ప్రకృతి పని అని సమర్థించుకోకూడదు. చెరువుల మీద ఆకుపచ్చ తెట్టు కట్టడం, కట్ట మీద ప్లాస్టిక్ గ్లాసులు మిగలడం మన చేతి పనే. ఒండ్రుకూ మురుగుకూ తేడా పిల్లలకు చెప్పగలిగితే సగం చదువు అయినట్టే.

మాకు సముద్రం లేదు అని మన పిల్లలు అంటుంటారు. ఎటు పోయినా నాలుగు వందల కిలోమీటర్ల దరిదాపు ప్రయాణం, నిజమే. కానీ ఆదిలాబాద్ దగ్గర పెన్‌గంగ పక్కన ఉన్న సున్నపురాయి పొరలు ఒకప్పటి సముద్రపు అడుగు. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందటి మాట. అప్పటికి పగడాలే పుట్టలేదు. మాల్దీవుల తెల్లటి ఇసుక, ఆదిలాబాద్ సున్నపురాయి ప్రధానంగా ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేట్. సముద్రం చూడలేదని చిన్నబోయే పిల్లవాడికి ఆ రాయి ముక్క చేతిలో పెట్టి ఈ మాట చెప్పండి.

ఇక నా విన్నపాలు మూడు.

ఒకటి, దీవులకు పోగలిగినవాళ్లు సంతోషంగా పోండి. కానీ పక్కింటివాళ్లు పోయారని ఈఎంఐ మీద పోవద్దు. ఆ అప్పు బరువు ఇంట్లో పిల్లలకు కూడా తెలుస్తుంది. అండమాన్ పోతే శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లతో పిల్లలను మాట్లాడనివ్వండి. పగడపు ముక్క ఒక్కటి కూడా బ్యాగులో వేసుకు రావద్దు. మన దేశంలో పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారిపోతున్నాయి. ప్రపంచమంతటా ఇలా జరగడం ఇది నాలుగోసారి అని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

రెండు, ఎటూ పోనివాళ్లు ఒక పూట పిల్లలను మన నీళ్ల దగ్గరికి తీసుకుపోండి. మానేరు కట్ట, ధర్మపురి గోదావరి, పొచ్చెర, కుంటాల ఏదైనా సరే. ఒక గాజు సీసాలో నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే, తెల్లవారేసరికి అడుగున మట్టి పేరుకుంటుంది. దానికి రూపాయి ఖర్చు లేదు.

మూడు, ఏ నీళ్లయినా పిల్లలను ఒంటరిగా దిగనివ్వకండి. తేట నీళ్లు లోతును దాస్తాయి: నాలుగడుగుల నీళ్లు పైనుంచి చూస్తే మూడడుగుల్లా కనిపిస్తాయి. మట్టి నీళ్లలో అడుగే కనిపించదు. కుంటాలలో పోయిన ప్రాణాలు మీకు తెలియనివి కావు. ఈ సెలవుల్లో వీలైతే ఈత నేర్పించండి. అది ఏ ప్యాకేజీ కన్నా విలువైనది.

ఆ ఏడాది ఆగస్టులో నదుల పాఠం వచ్చినప్పుడు ఆ అబ్బాయినే లేపి అడిగాను, కడెం వాగులో నీళ్లు ఏ రంగులో ఉంటాయని. కాసేపు నా ముఖంలోకి చూసి చెప్పాడు. "ఎండాకాలం తేటగ ఉంటయ్ సార్, రాళ్లు కనవడ్తయ్. మొదటి వానకు మట్టి రంగుల వస్తయ్. ముందుగాల ఆకులు, కట్టెలు కొట్టుకొస్తయ్. గవి కనవడితే మా అమ్మమ్మ నీళ్లల్ల దిగనియ్యది."

వరద వచ్చే ముందు గుర్తు అది. పాఠంలో లేదు. నాకూ తెలియదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అప్పటి నుంచి జూన్‌లో నా ప్రశ్న మారింది. సెలవుల్లో ఏ నీళ్లు చూశారు, అవి ఏ రంగులో ఉన్నాయి, ఎందుకు? ఈ జూన్‌లోనూ అదే అడుగుతాను. విమానం ఎక్కి వచ్చిన పిల్లలూ, అమ్మమ్మ ఊరి నుంచి వచ్చిన పిల్లలూ ఇద్దరూ లేచి జవాబు చెప్పగలిగే ప్రశ్న అది. ఆ జవాబుకు పిల్లలను సిద్ధం చేసి పంపండి.