పాచిక చెప్పని నీతి

వైకుంఠపాళి పిల్లలకు నీతి నేర్పునని మన పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు. నే నీ మాట నొప్పుకొనజాలను. ఆ పటమున నిచ్చెన యెక్కినవాడు ఏ పుణ్యకార్యమును చేసియుండలేదు. పాము నోట బడినవాడు ఏ పాపము నెఱుగడు. ఇరువురును గవ్వలు వేసిరి, అంతియే. నిచ్చెనకు సుగుణము పేరును, పామునకు దుర్గుణము పేరును వ్రాసినంతమాత్రమున ఆట ధర్మోపదేశమగునా? పందొమ్మిదవ శతాబ్దాంతమున నీ యాట ఇంగ్లండు చేరినది. అచట కాలక్రమమున ఆ పేర్లు రాలిపోయి పాములును నిచ్చెనలును మాత్రము మిగిలినవి. ఆట రవంతయు చెడలేదు. పేర్లు తీసివేసినను చెడని యాటలో ఆ పేర్లకు పని యేమి?

ఇది పిల్లల యాటను గూర్చిన చిన్న తగవు కాదు. ఖమ్మము జిల్లాలోని ముదిగొండలో 2007 జూలై 28వ తేదీన, భూమికొఱకును ఇండ్లస్థలములకొఱకును సాగిన యుద్యమమున, పోలీసులు కాల్పులు జరుపగా ఏడుగురు మరణించిరి. ఆ యూరి బిడ్డ "వా రెందుకు చనిపోయిరి?" అని యడిగినపుడు "వారి నుదుటివ్రాత" అని బదులు చెప్పు నిల్లు వైకుంఠపాళి నీతినే వల్లించుచున్నది. ఎవరు ఏమి కోరిరి, ఎవరు కాదనిరి, వేఱొక దారి యుండెనా యని విచారించు బుద్ధి ఆ బిడ్డకు కావలయును. ఆ బుద్ధికి ఆటయే తొలి బడి.

కావున బిడ్డ తానే యెంచుకొని, తన యెంపికకు తానే బదులు చెప్పు కథాక్రీడ నొకదానిని మన యింటనే కల్పించుకొందము. అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు యుద్ధక్రీడలనుండి "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను కథాక్రీడను తీసిరి. ఆ పద్ధతి గ్రహింపదగినదే. కాని యచటి కోటలను, రక్కసులను దెచ్చి మున్నేటి యొడ్డున నిలుపనక్కఱలేదు. భద్రాచలపుటడవులవైపు కోయల కథకులు చిత్రించిన పడిగెను విప్పి, డోలు మ్రోగించి, తమ వంశముల వృత్తాంతములు చెప్పుదురు. సమ్మక్క సారలమ్మల చరిత్రను పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినది. బొమ్మ గల బట్ట, చెప్పు నోరు, చుట్టును వినువారు: కథాక్రీడకు వలసిన సామగ్రిలో ముప్పాతిక మనకు మునుపే యున్నది. వినువారికిని నోరిచ్చుటయే మిగిలిన పని.

నే నాడించు విధ మిది. కాగితముపై ఒక యూరిని గీయుడు: చెఱువుగట్టు, సంత, బడి, రచ్చబండ, అడవిబాట. ఆడువారు ముగ్గురు మొదలు ఐదుగురు. ప్రతివారును ఒక పాత్రను కల్పించి, దాని కోరిక నొకటి, భయము నొకటి చెప్పవలయును. ఒకరు కథకులై చిక్కును తెత్తురు. చిక్కు తీఱగానే కథకత్వము ప్రక్కవారికి పోవును. పాత్ర యేమి చేయునో ఆడువారు చెప్పుదురు. అది జరుగదగినదని యందఱొప్పుకొన్నచో గవ్వలు వేయనక్కఱలేదు. సందేహమున్నచో నాలుగు గవ్వలు వేయవలయును. మూడుగాని నాలుగుగాని వెల్లకిల బడిన పని యీడేఱును. రెండు పడిన ఈడేఱును గాని ఏదో యొక నష్టము కలుగును. అంతకు తగ్గిన చెడును, ఎందుకు చెడెనో చెప్పవలయును. గవ్వ యిరువైపుల సమముగా పడుననుకొన్నచో, పదునాఱు విధములలో ఈ మూడు ఫలములకు వరుసగా ఐదు, ఆఱు, ఐదు వచ్చును.

ఇక ముఖ్యమైన సూత్రము. ప్రతివారికిని ఐదు చింతపిక్క లుండును. ఒక పిక్క నిచ్చి ఒక గవ్వను త్రిప్పుకొనవచ్చును. కాని యా పిక్కను, ఆ పనివలన నష్టపడు పాత్ర గలవారి చేతిలో పెట్టవలయును. ఎవరికిని నష్టము లేనిచో అది కథకునికి చెందును. నా గెలుపునకు వెల యెవరు చెల్లించుచున్నారో నా చేతనే చెప్పించు సూత్ర మిది. వైకుంఠపాళిలో ఎన్ని మాఱులు పరమపదము చేరినను ఈ ప్రశ్న రాదు.

గవ్వలను బొత్తిగా ఏల విడువరాదని కొంద ఱడుగుదురు. వానలు, జ్వరములు మన యెంపికలు కావు. యాదృచ్ఛికమునకు లోకమున చోటున్నది. దానికి సాక్షిస్థానమే గాని న్యాయాధిపతిస్థానము తగదు. ఇంతకంటె మంచి పుస్తకము చదివించుట మేలని మఱికొంద ఱందురు. చదివింపుడు, కాని పుస్తకములోని రాజు తప్పుచేసినచో బిడ్డ దానిని ఆపజాలదు. ఇచట ఆపగలదు, ఆపకున్న కారణము చెప్పవలసినది.

నిజమైన యభ్యంతరము వేఱొకటి. దానిని పైకెవరును చెప్పరు. ఈ యాటలో వంతు వచ్చినపుడు కోడలును మామగారివలెనే మాటాడును. పనిపిల్ల కథకురాలైనపుడు యజమాని చిక్కు తీర్చుకొనవలయును. కొన్ని యిండ్లకు ఈ పిక్కలు బరువుగా దోచుట అందువలననే. అట్టి యిండ్లలోనే దీనిని ముందుగా ఆడవలయునని నా మనవి. పటము గీయుటకు కాగిత మొకటి, గుప్పెడు చింతపిక్కలు చాలును. పెద్దలు ఒక్క గడియ యూరకుండుట నేర్చినచో ఆట మొదలగును.