టికెట్టు కొన్నది బెంచీ మీద కూర్చోవడానికా?

మీ ఇంట్లో ఫారిన్ ట్రిప్ ఫోటోలు ఉంటే ఒకసారి తీసి చూడండి. థీమ్ పార్కు ఫోటోల దగ్గర కాస్త ఆగండి. రోలర్ కోస్టర్ కిందికి దూకేటప్పుడు పార్కు వాళ్ళే తీసి, బయటికి వచ్చాక అమ్ముతారే, ఆ ఫోటో. జుట్టు ఎగిరిపోతూ, అందరూ నోళ్ళు తెరిచి అరుస్తూ ఉంటారు. అందులో నాన్న ఉంటాడు, పిల్లలు ఉంటారు, బాబాయి వస్తే బాబాయి కూడా ఉంటాడు. అమ్మ ఉండదు. ఆ టైంలో అమ్మ బయట బెంచీ మీద మూడు బ్యాగులు, నాలుగు వాటర్ బాటిళ్ళు, అందరి పాస్‌పోర్టులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

అందరూ దీన్ని త్యాగం అంటారు. నాకు మాత్రం వంటింటి డ్యూటీకి విమానం టికెట్టు కొన్నట్టే కనిపిస్తుంది.

మేము ఉండేది బౌరంపేట్‌లో. బాచుపల్లి నుంచి గండిమైసమ్మ వెళ్ళే వైపు ఇప్పుడు ఎటు చూసినా కొత్త విల్లాలు, అపార్టుమెంట్లే. వేసవి సెలవులు వస్తే మా కాలనీలో సగం ఇళ్ళకి తాళాలు. సింగపూర్, దుబాయ్, బ్యాంకాక్. తిరిగొచ్చాక సాయంత్రం వాకింగ్‌లో ఆ కబుర్లే. "ఏం రైడ్లు ఎక్కారండీ?" అని నేను అడుగుతాను. "మా పిల్లలు అన్నీ ఎక్కారండీ" అని జవాబు. "పిల్లలు సరే, మీరేం ఎక్కారు?" అంటే ఒక నవ్వు నవ్వి, టాపిక్ మార్చేస్తారు.

పోయిన వేసవిలో మేమూ వెళ్ళాం. ఐదు రోజులు సింగపూర్. అందులో ఒక రోజంతా సెంటోసా దీవిలో ఉన్న యూనివర్సల్ స్టూడియోస్‌కే. నేను, మా వారు, పదమూడేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ బాబు, మా అత్తగారు. పెద్దవాళ్ళ టికెట్టు మన రూపాయల్లో దాదాపు ఐదు వేలు. బెంచీ మీద కూర్చునేవాళ్ళకి డిస్కౌంటేమీ లేదు! రెండేళ్ళు చిట్టీ కట్టి పోగు చేసిన డబ్బు అది.

అక్కడ రెండు కోస్టర్లు ఒకదాని పక్కన ఒకటి పరుగెత్తే పెద్ద రైడ్ ఉంది, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అని. దాని ముందుకి రాగానే మా వారు చాలా మామూలుగా బ్యాగు తీసి నా భుజానికి తగిలించి, "నీకు కళ్ళు తిరుగుతాయిలే, అమ్మతో ఇక్కడ కూర్చో" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ప్రేమగానే అన్నారు. నాకు కళ్ళు ఎప్పుడు తిరిగాయో చెప్పమన్నాను. ఆయనకి ఒక్కటీ గుర్తు రాలేదు. నేను ఏదైనా ఎక్కి ఉంటే కదా తిరగడానికి! బ్యాగు లాకర్‌లో పెట్టించి, వెళ్ళి లైన్లో నిలబడ్డాను.

మరి అత్తగారో? ఆవిడకి బీపీ ఉంది, అలాంటి కోస్టర్లు కుదరవు. కానీ సెసేమీ స్ట్రీట్ బొమ్మల మధ్య చీకట్లో మెల్లగా తిరిగే బండి ఒకటుంది. అందులో కూర్చోబెట్టాం. దిగగానే "ఇంకోసారి ఎక్కొచ్చా?" అని అడిగింది ఎవరనుకున్నారు? మా అత్తగారే. అరవై నాలుగేళ్ళలో ఆవిడని ఎవరూ "ఎక్కుతావా?" అని అడగలేదు. మధ్యాహ్నం నుంచి బెంచీకి వంతులు వేసుకున్నాం. ఒకసారి నేను, ఒకసారి ఆయన. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

నా వంతు వచ్చినప్పుడు పక్కన ఒకావిడ కలిసింది. కరీంనగర్ నుంచి వచ్చారట. "నాకిది మూడో దేశం అక్కా. దుబాయ్‌ల గిట్లనే కూసున్న, బ్యాంకాక్‌ల కూసున్న, ఇప్పుడు ఈడ కూసున్న" అని పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అసలు ఈ థీమ్ పార్కుల కథ మొదలైందే ఒక బెంచీ దగ్గర. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్ళని లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడట. పిల్లలు గుర్రాల రంగులరాట్నం మీద తిరుగుతుంటే, ఆయన బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ ఉండేవాడు. పెద్దవాళ్ళు ఇలా ఊరికే కూర్చోవడమేమిటి, పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండాలి కదా అని అక్కడే అనిపించిందట. చివరికి 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచాడు. చూశారా! ఒక తండ్రికి బెంచీ మీద విసుగొస్తే పార్కే పుట్టింది. డెబ్బై ఏళ్ళ తర్వాత ఆ బెంచీ మీద మన అమ్మలు కూర్చున్నారు. వీళ్ళకి విసుగొస్తుందేమోనని ఎవరికీ తోచదు.

కారణాలు అడిగితే బోలెడు చెబుతారు. సామాన్లు ఎవరు చూస్తారు? అందుకే లాకర్లు పెట్టారు. చంటిపిల్ల ఉంది కదా? పెద్ద పార్కుల్లో చైల్డ్ స్విచ్ అనో, రైడర్ స్విచ్ అనో ఒక పద్ధతి ఉంటుంది. ఒకరు ఎక్కి వచ్చేదాకా ఇంకొకరు పిల్లని చూసుకుంటారు. రెండో మనిషి మళ్ళీ మొత్తం లైన్లో నిలబడక్కర్లేదు. గేటు దగ్గర అడిగితే చెబుతారు, మనవాళ్ళు అడగరు అంతే. చీర కట్టుకున్నావు కదా? ఆ ఒక్క రోజుకి చుడీదార్ వేసుకుని, చున్నీ లాకర్‌లో పెడితే సరి. భయం కదా? భయపెట్టడానికే కట్టారు దాన్ని! కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్న మగవాళ్ళని నేను చాలామందినే చూశాను. వాళ్ళనెవరూ బ్యాగులు చూడమనలేదు.

గుండె జబ్బు, మెడనొప్పి, కడుపుతో ఉండటం, ఇవి నిజమైన కారణాలు. పార్కు వాళ్ళే బోర్డు పెట్టి వద్దంటారు, వినాలి. అలాగే "నాకు కూర్చోవడమే ఇష్టం" అనేవాళ్ళూ ఉంటారు, హాయిగా కూర్చోండి. కానీ ఒక్క మాట. ఆ ఇష్టం మిమ్మల్ని అడిగాక చెప్పిందా, అడగకముందే ఇంట్లో వాళ్ళు మీ తరఫున చెప్పేసిందా?

అమెరికా వెళ్ళే అమ్మల సంగతి మరీనూ. కూతురి పురుడుకనో కోడలి పురుడుకనో ఆరు నెలలు వెళ్తారు. పథ్యం వండి, బిడ్డకి నీళ్ళు పోసి అలిసిపోయాక, "అమ్మని ఫ్లోరిడా డిస్నీ వరల్డ్ తిప్పాం" అంటారు. తిప్పింది ఎవరిని? రోజంతా ఆవిడే స్ట్రోలర్ తోసుకుంటూ మనవణ్ణి తిప్పి ఉంటుంది.

ఈ వయసులో ఆటలేమిటి అనేవాళ్ళకి కూడా ఒక మాట చెప్పాలి. మనకి ఆట కొత్త కాదు. తెలంగాణలో బతుకమ్మని ఆడతాం అంటాం. తొమ్మిది రోజులు, ముసలమ్మ నుంచి చిన్నపిల్ల దాకా అందరూ ఆడాల్సిందే. మా గోదావరి వైపు అట్లతద్దికి తెల్లవారకముందే లేచి, తిని, చెట్టుకి కట్టిన ఉయ్యాల ఊగడం నోములో భాగం. ఆడవాళ్ళు ఊగాలని మన పెద్దవాళ్ళే ఒక పండగ పెట్టారు. ఆ ఉయ్యాలే ఇనుముతో కట్టి, కరెంటు పెట్టి తిప్పితే మాత్రం అది మగవాళ్ళకీ పిల్లలకీ అయిపోయిందా?

పిల్లలకి మనం చెప్పేవాటికంటే చూపించేవే ఎక్కువ గుర్తుంటాయి. అమ్మ ప్రతిసారీ బయటే కూర్చుంటే, అమ్మ అంటే బ్యాగులు పట్టుకునే మనిషి అని కొడుకు నేర్చుకుంటాడు. రేపు వాడి భార్య చేతికి అదే బ్యాగు ఇస్తాడు. పెళ్ళయ్యాక తన చోటు ఆ బెంచీయే అని కూతురు నేర్చుకుంటుంది. కోస్టర్ దిగాక మా అమ్మాయి నా మొహం చూసి, "అమ్మా, నువ్వు ఇంత గట్టిగా అరవగలవని నాకు తెలీదు" అంది. పదమూడేళ్ళు నాతోనే ఉన్న పిల్ల!

అందుకే ట్రిప్ బుక్ చేసే రోజే మాట్లాడుకోండి. బ్యాగు ఎవరి వంతు ఎప్పుడో పిల్లల ముందే రాసి పెట్టండి. ఇంట్లో అత్తగారుంటే, అమ్మ ఉంటే, "మీరేం ఎక్కుతారు?" అని అడగండి. వద్దంటే రెండోసారి కూడా అడగండి, మొదటి "వద్దు" మొహమాటంతో వస్తుంది. అలవాటు కావడానికి సింగపూర్ దాకా వెళ్ళక్కర్లేదు కూడా. మన ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊరికి ఆ చివర రావిర్యాలలో వండర్లా 2016 నుంచి ఉంది. ఈ దసరా సెలవులకి అక్కడ మొదలుపెట్టండి. బ్యాగు లాకర్‌లో పెట్టి, తాళంచెవి మీ వారి చేతికివ్వండి. లైన్లో ముందు మీరు నిలబడండి.